పరుగుకీ ఈతకీ అడవి దారికీ ఒకే వాచీ: ఏది కొనాలి?

జీపీఎస్ వాచీ కొనాలనుకునేవాళ్లు నా దగ్గరకు సాధారణంగా రెండు పేర్లు పట్టుకుని వస్తారు. ఇది మంచిదా, అది మంచిదా అని అడుగుతారు. నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: వచ్చే రెండేళ్లలో మీరు బయట గడపబోయే అతి పొడవైన రోజు ఎన్ని గంటలు? ఆ రోజు చివరి గంటలో మీరు ఎక్కడ ఉంటారు?

ఇరవై వేల వాచీకీ లక్ష రూపాయల వాచీకీ ఉన్న తేడా మొదటి గంటలో కనిపించదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే ఒక రౌండు పరుగెత్తితే రెండూ ఇంచుమించు ఒకే దూరం చూపిస్తాయి. చివరి గంట సంగతి వేరు. అప్పటికి ఛార్జింగ్ అడుగంటుతుంది, చీకటి పడుతుంది, వేళ్లు చెమటతో తడిసి ఉంటాయి, బుర్ర సరిగ్గా పనిచేయదు, దారి రెండుగా చీలుతుంది. ఆ క్షణంలో మణికట్టు మీద ఉన్నది మీకు సాయపడాలి. కొనేది ఆ గంట కోసమే.

ఈ మాట నేను అనుభవం మీదే చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట 300 కి.మీ. బ్రెవేలో నా పాత వాచీ 17వ గంటలో ఆరిపోయింది. బ్రెవే అంటే గడువు లోపల దూరం పూర్తిచేసే సైకిల్ యాత్ర. 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు ఉంటుంది. ఆ వాచీ పెట్టె మీద "20 గంటలు" అనే రాసి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నేను దారి చూపే తెరను రోజంతా వెలిగించి ఉంచాను, సైకిల్ సెన్సర్లు రెండు కలిపాను, పైగా ఆ బ్యాటరీకి అప్పటికే మూడేళ్లు నిండాయి. చివరి 40 కిలోమీటర్లు ముందు వెళ్తున్న వాళ్ల ఎర్ర లైటును చూసుకుంటూ తొక్కాను. గడువులోగా చేరాను కానీ, ఆ రాత్రి నుంచి పెట్టె మీది అంకెను చదివే పద్ధతి మార్చుకున్నాను.

బ్యాటరీ అంకెను ఎలా చదవాలి

ఒకే వాచీకి కంపెనీలు మూడు నాలుగు అంకెలు ఇస్తాయి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది వాటిలో అన్నిటికన్నా పెద్దది. కోరోస్ పేస్ 3 తీసుకోండి. జీపీఎస్ ఒక్కటే వాడితే 38 గంటలు, అన్ని ఉపగ్రహ వ్యవస్థలూ వాడితే 25, రెండు పౌనఃపున్యాలతో (అంటే ఉపగ్రహం పంపే రెండు రకాల రేడియో సంకేతాలను ఒకేసారి అందుకుంటూ) పూర్తి కచ్చితత్వం కావాలంటే 15 గంటలు. గార్మిన్ ఫోర్‌రన్నర్ 965 కూడా అంతే. మామూలు జీపీఎస్‌తో 31 గంటలు, పూర్తి కచ్చితత్వంతో 19. సూంటో రేస్ మాత్రం రెండు పౌనఃపున్యాలతోనే 40 గంటలు ఇస్తానంటుంది. అదే కంపెనీ వర్టికల్ మోడల్ 60 గంటలు, సౌర ఫలకం ఉన్నదైతే 85 దాకా. గార్మిన్ ఫీనిక్స్ 8లో 47 మిల్లీమీటర్ల అమోలెడ్ (తనంతట తానే వెలిగే రంగు తెర) మోడల్‌కు జీపీఎస్‌తో 47 గంటలు. ఆపిల్ వాచ్ అల్ట్రా 2కు కంపెనీ చెప్పే 36 గంటలు మామూలు వాడకానికి వర్తించే లెక్క. వ్యాయామాన్ని ఆపకుండా రికార్డు చేస్తూ పోతే అందులో సగం కూడా ఆశించకండి.

ఈ అంకెలన్నీ కొత్త బ్యాటరీవి, ప్రయోగశాల పరిస్థితుల్లోవి. మ్యాప్ తెర తెరిచి ఉంచితే, పాటలు వింటే, తెర ఎప్పుడూ వెలిగేలా పెడితే తగ్గిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ కూడా అరుగుతుంది. నేను పాటించే కొలత ఒక్కటే: మీ అతి పొడవైన రోజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అది కూడా మీరు నిజంగా వాడబోయే సెట్టింగుతో. ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పోటీ గడువు 17 గంటలు, కాబట్టి ఇరవై అయిదున్నర గంటలు ఇచ్చే వాచీ కావాలి. గోవాలో 2019లో మొదలైన 70.3 పోటీ, అంటే 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు మీ లక్ష్యమైతే బ్యాటరీ వరకు ఈ వ్యాసంలోని ఏ వాచీ అయినా సరిపోతుంది, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. 600 కి.మీ. బ్రెవే చేసేవాళ్లు ఎలాగూ పవర్ బ్యాంకు వెంట తీసుకెళ్తారు. చాలా వాచీలు ఛార్జింగ్ పెట్టినా రికార్డింగ్ ఆపవు. కొనేముందు ఈ ఒక్క విషయం రూఢి చేసుకోండి.

సౌర ఫలకం గురించి చాలామంది అడుగుతారు. మనది ఎండల దేశం కదా, లాభమే కదా అని. గార్మిన్ తన సౌర అంకెలను 50,000 లక్స్ వెలుతురు పడుతుందన్న అంచనాతో లెక్కగడుతుంది. నడి ఎండలో ముంజేయి బయటపెట్టి నడిస్తే అంత వెలుతురు పడుతుంది. నల్లమల చెట్ల కింద పడదు, ఎండకు వేసుకున్న పొడవు చేతుల చొక్కా కింద అసలే పడదు. లద్దాఖ్ వంటి చెట్లు లేని ఎత్తు ప్రాంతాల్లో రోజుల తరబడి నడిచేవాళ్లకు అది పనికొస్తుంది. మిగతావాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

కొండ సందులో ఏం జరుగుతుంది

రెండు పౌనఃపున్యాలు అన్న మాట ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తోంది. అది నిజంగా అవసరమా అన్నదానికి నాకు సమాధానం అహోబిలంలో దొరికింది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహ స్వామి గుడి మీదుగా ఉగ్రస్తంభం వైపు వెళ్లే దారి భవనాశిని వాగు పక్కన సాగుతుంది. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, నెత్తి మీద సన్నటి ఆకాశం. తిరిగొచ్చాక నా వాచీ గీసిన దారినీ, నా మిత్రుడి వాచీ గీసిన దారినీ ఫోనులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. నాది ఒక పౌనఃపున్యం వాచీ. వాగు మలుపు దగ్గర నా గీత రాతి గోడ ఎక్కి, అవతలి వైపుకు దూకి, మళ్లీ వెనక్కి వచ్చింది. అతని గీత వాగు ఒడ్డునే మెలికలు తిరుగుతూ పోయింది. ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

కారణం ఇది. ఉపగ్రహం దాదాపు 20,200 కి.మీ. ఎత్తు నుంచి సంకేతం పంపుతుంది. అది చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వాచీ దూరం లెక్కగడుతుంది. రాతి గోడకు తగిలి వచ్చిన ప్రతిధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది, వాచీ దాన్నే అసలు సంకేతం అనుకుంటే లెక్క తప్పుతుంది. ఒక పౌనఃపున్యం వాచీ అందుకునేది పాత ఎల్1 సంకేతాన్నే. అందులో కోడులోని ఒక్కో ముక్క గాలిలో దాదాపు 293 మీటర్ల పొడవు పరుచుకుని ఉంటుంది. రెండు పౌనఃపున్యాల వాచీ అదనంగా అందుకునే కొత్త ఎల్5 సంకేతంలో అది పదో వంతు, దాదాపు 29 మీటర్లు. ముక్క చిన్నదైతే అసలు ఏది, ప్రతిధ్వని ఏది అని విడదీయడం తేలిక. హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్యా, ఫ్లైఓవర్ల కిందా జరిగేది కూడా ఇదే.

కాబట్టి విశాఖ బీచ్ రోడ్డులోనో, ఊరి బయట చేల గట్ల మీదో పరుగెత్తేవారికి ఒక పౌనఃపున్యం చాలు. కొండ సందులు, దట్టమైన అడవి, ఎత్తైన భవనాలు మీ రోజువారీ దారిలో ఉంటే రెండు ఉన్నది తీసుకోండి. ఇదిప్పుడు ఖరీదైన వాచీలకే పరిమితం కాదు. పేస్ 3లోనూ ఉంది, గార్మిన్ ఫోర్‌రన్నర్ 255, 265లలోనూ ఉంది. గార్మిన్ కొత్త మోడళ్లలో ఆకాశం తెరిపిగా ఉన్నప్పుడు మామూలు జీపీఎస్‌కూ, ఇరుకుగా ఉన్నప్పుడు రెండు పౌనఃపున్యాలకూ దానంతటదే మారే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీకి అది నిజంగా మేలు చేస్తుంది.

జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ ఉపగ్రహ వ్యవస్థ గురించి కూడా చెప్పాలి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో నావిక్‌లో ఎల్1 సంకేతం చేరింది. చేతి వాచీల వంటి చిన్న పరికరాలకు ఆ సంకేతాన్ని అందుకోవడం సులువు. మన నేల మీద నుంచి ఎగిరిన ఉపగ్రహం మన అడవిలో దారి చూపించే రోజు కోసం నేను ఎంతో ఆశగా ఎదురుచూస్తున్నాను. కానీ నావిక్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఈరోజు వాచీ ఎంచుకోనక్కర్లేదు. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ నాలుగూ కలిస్తే మన ఆకాశంలో ఉపగ్రహాలకు కొరత లేదు.

మ్యాప్ కావాలా, గీత చాలా?

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే, ప్రాణం నిలబెట్టేది కూడా ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

దారి చూపించడంలో వాచీలు మూడు మెట్ల మీద ఉన్నాయి. మొదటి మెట్టులో ఖాళీ తెర మీద ఒక గీత, ఆ గీత మీద మీరున్న చోట ఒక గుర్తు. పేస్ 3, ఫోర్‌రన్నర్ 265 ఈ కోవలోవి. రెండో మెట్టులో గీత వెనక మ్యాప్ కూడా కనిపిస్తుంది: వాగులు, దారులు, ఎత్తు రేఖలు. సూంటో రేస్, పోలార్ వాంటేజ్ వి3, కోరోస్ పేస్ ప్రో, అమేజ్‌ఫిట్ టీ-రెక్స్ 3 ఇలాంటివి. మూడో మెట్టులో వాచీ తనంతట తానే మ్యాప్ చదివి, దారి తప్పితే కొత్త దారి లెక్కగట్టి చెబుతుంది. గార్మిన్ 965, ఫీనిక్స్ వరుసల అసలు బలం ఇదే.

మూడో మెట్టు అన్నిటికన్నా మేలని అనిపిస్తుంది. ఆల్ప్స్‌లో నడిచేవారికి నిజంగానే మేలు. అక్కడ ప్రతి కాలిబాటా మ్యాప్‌లో ఉంటుంది. ఈ వాచీల్లోని మ్యాప్‌లలో చాలావరకు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సమాచారం మీద ఆధారపడినవి. ఔత్సాహికులు గీసినంత మేరకే అందులో దారులు ఉంటాయి. శేషాచలంలోనో, నల్లమలలోనో, మన్యంలోనో మ్యాప్ తెరిచి చూడండి. వాగు ఉంటుంది, కొండ ఉంటుంది, గూడేనికి వెళ్లే దారి చాలాచోట్ల ఉండదు. మ్యాప్‌లో లేని దారిని ఏ వాచీ లెక్కగట్టలేదు. అలాంటి చోట అన్నిటికన్నా విలువైనది, ఆ దారి నిజంగా నడిచిన మనిషి దగ్గరున్న జీపీఎక్స్ ఫైలు, అంటే అతని వాచీ నమోదు చేసిన దారి. దాన్ని గీతగా చూపించడం మొదటి మెట్టు వాచీకి కూడా చేతనవుతుంది.

అందుకే నా సలహా కొంత మందికి విడ్డూరంగా అనిపించవచ్చు. మీరు తిరిగేది ఎక్కువగా తూర్పు కనుమల్లోనైతే మూడో మెట్టు కోసం అదనంగా ముప్ఫై వేలు పెట్టకండి. రెండో మెట్టు చాలు. వాగు ఎటు ఉందో, ఎత్తు రేఖలు ఎక్కడ దగ్గరపడుతున్నాయో కనిపిస్తే నడిచే మనిషికి సగం ధైర్యం వస్తుంది. మూడో మెట్టు నిజంగా అక్కరకొచ్చేది ఊళ్లలో, సైకిల్ మీద, తెలియని నగరానికి పని మీద వెళ్లి పొద్దున్నే పరుగుకు బయల్దేరినప్పుడు. అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటూ వారాంతాల్లో జాతీయ పార్కుల్లో నడిచే తెలుగువారికైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ మ్యాప్‌లు నిండుగా ఉంటాయి, పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

ఏ మెట్టు వాచీ అయినా రెండు పనులు బయల్దేరే ముందే నేర్చుకోండి. మొదటిది వచ్చిన దారినే వెనక్కి చూపించే పద్ధతి. ఇది దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది, దాన్ని ఎక్కడ నొక్కాలో ఇంట్లోనే పదిసార్లు సాధన చేయాలి. రెండోది దిక్సూచి సరిచూసుకోవడం. జీపీఎస్‌కు మీరు కదులుతున్నప్పుడే దిక్కు తెలుస్తుంది. దారి చీలిన చోట నిలబడి ఏది అని చూసేటప్పుడు పనిచేసేది అయస్కాంత దిక్సూచి. అది సరిగ్గా లేకపోతే మ్యాప్ తలకిందులుగా తిరిగి కూర్చుంటుంది. అలసిన మనిషి దాన్నే నమ్మి నడుస్తాడు.

ఇంకో మాట, చట్టానికి సంబంధించినది. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలు విదేశాల్లో ట్రెక్కింగ్ చేసేవారి దగ్గర మామూలే. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని దగ్గర పెట్టుకోవడం, వాడడం నేరం. బయటి నుంచి వచ్చేవారిని విమానాశ్రయాల్లో ఆపిన సందర్భాలున్నాయి. జీపీఎస్ వాచీ సంకేతాన్ని అందుకుంటుందే తప్ప పంపదు, కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. కానీ కొత్తగా వస్తున్న కొన్ని మోడళ్లలో ఉపగ్రహ సందేశ సౌకర్యం కూడా కలుపుతున్నారు. అలాంటిది కొనేముందు, తెప్పించుకునేముందు నిబంధనలు చూసుకోండి. అడవిలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి ఎలాగూ తప్పనిసరి.

బటన్లు, తెర, చత్వారం

అమోలెడ్ తెర అందంగా ఉంటుంది. మ్యాప్ రంగులు విడివిడిగా తెలుస్తాయి, రాత్రి స్పష్టంగా కనిపిస్తుంది. రెండో రకం తెర ఎండ వెలుగునే తిప్పికొట్టి అంకెలు చూపిస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే అంత స్పష్టం, బ్యాటరీ ఖర్చు తక్కువ, కానీ ఇంట్లో చూస్తే వెలవెలబోతూ ఉంటుంది. ఫోర్‌రన్నర్ 255, 955, పేస్ 3, సూంటో వర్టికల్ ఈ రెండో రకం. అయిదేళ్ల కిందటైతే ఎండలో తిరిగేవారికి ఇదే సరైనదని చెప్పేవాణ్ని. ఇప్పటి అమోలెడ్ తెరలు మే నెల ఎండలో కూడా చదవగలిగేంత వెలుగుతున్నాయి. నలభై దాటినవారికి నేను అమోలెడ్‌నే సూచిస్తాను. చత్వారం వచ్చిన కంటికి పరుగులో కళ్లజోడు ఉండదు. చీకట్లో చిన్న అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఏ తెర అయినా ఒక పేజీలో మూడు అంకెలకు మించి పెట్టుకోకండి.

తాకే తెర ఒక్కదాని మీదే ఆధారపడే వాచీ చెమటకు, వానకు, సముద్రపు నీటికి తట్టుకోదు. ఉక్కపోతలో గంటన్నర పరుగెత్తాక చేతి నుంచి చెమట కారి తెర మీద పడుతుంది. నీటి చుక్కే వేలనుకుని వాచీ పేజీలు మార్చేస్తుంది. అయిదు బటన్లున్న గార్మిన్ ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. కోరోస్ వాచీలో తిప్పే చక్రం కూడా బాగుంటుంది. ఆపిల్ అల్ట్రాకు పక్కన ఒక పెద్ద బటన్ ఉంది కానీ, చాలా పనులకు మళ్లీ తెరనే తాకాలి.

బరువు తేడా పెద్దదే. పేస్ 3 గుడ్డ పట్టీతో 30 గ్రాములు. సూంటో రేస్ ఉక్కు మోడల్ 83 గ్రాములు. సన్నని మణికట్టుకు పెద్ద వాచీ కడితే అది ఎగిరెగిరి పడుతుంది. గుండె వేగం కొలిచే దీపం చర్మానికి ఆనకపోతే అంకె తప్పుతుంది. చాలామంది మహిళలకు దుకాణంలో ముందు చూపించేది 47 మిల్లీమీటర్ల మోడలే. 42 మిల్లీమీటర్ల దాన్ని అడిగి తీసుకోండి. దాంట్లో బ్యాటరీ కాస్త తక్కువ ఉంటుంది, అంతే.

శిక్షణ అంకెలు

ఇక్కడ త్వరగా ముగిస్తాను, ఎందుకంటే కంపెనీల మధ్య తేడా మీరు అనుకున్నంత లేదు. అన్నీ గుండె వేగం చూస్తాయి, నిద్ర చూస్తాయి, వారం మొత్తం ఎంత శ్రమపడ్డారో చెబుతాయి. గార్మిన్ ఎక్కువ వివరాలు ఇస్తుంది, కోరోస్ తక్కువ ఇచ్చినా శుభ్రంగా చూపిస్తుంది. పోలార్‌కు ఈ రంగంలో అనుభవం పాతది. ఫిన్లాండ్‌లో 1977లో మొదలైన ఆ కంపెనీయే 1982లో తీగలు లేని గుండె వేగ మాపకాన్ని బజారులోకి తెచ్చింది.

మన ఎండకు సంబంధించిన ఒక సంగతి మాత్రం తప్పక తెలుసుకోవాలి. వాచీ మీ ఫిట్‌నెస్‌ను పరుగు వేగం, గుండె వేగం మధ్య సంబంధాన్ని బట్టి అంచనా వేస్తుంది. విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అంకె పడిపోతుంది. దాన్ని చూసి బెంగపడి ఇంకా గట్టిగా పరుగెత్తినవాళ్లను నేను చూశాను, అది ప్రమాదం. గార్మిన్ 22 డిగ్రీలు దాటితే వేడికి అలవాటుపడడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మన దగ్గర ఏడాదిలో దాదాపు ప్రతి పరుగూ ఆ లెక్కలోకి వస్తుంది. వేసవిలో ఆ అంకెను పక్కనపెట్టి ఊపిరిని బట్టి పరుగెత్తండి.

గుండె వేగం నిజంగా ముఖ్యమైతే వాచీ కోసం పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఛాతీ పట్టీ కొనండి. మణికట్టు దగ్గర ఆకుపచ్చ దీపం రక్త ప్రవాహాన్ని చూస్తుంది, ఛాతీ పట్టీ గుండె విద్యుత్తును చూస్తుంది. మణికట్టు కొలత పరుగులో ఒక్కోసారి అడుగుల లయను పట్టుకుని గుండె వేగం 175 అని చూపిస్తుంది. మీరు అప్పుడు మాట్లాడుతూ నింపాదిగా పరుగెత్తుతూ ఉంటారు. పోలార్ హెచ్10 వంటి పట్టీ ఏ కంపెనీ వాచీతోనైనా బ్లూటూత్ ద్వారా కలుస్తుంది. సైకిల్‌కు పాత యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటి మరో తీగలు లేని పద్ధతి) సెన్సర్లు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. గార్మిన్ వాటిని తీసుకుంటుంది. పేస్ 3, సూంటో, ఆపిల్ బ్లూటూత్ ఉన్నవాటినే తీసుకుంటాయి.

ఈతలో జీపీఎస్ నీటి కింద పనిచేయదు. ఫ్రీస్టయిల్‌లో చేయి పైకి వచ్చిన ప్రతిసారీ వాచీ సంకేతాన్ని అందుకుంటుంది. బ్రెస్ట్ స్ట్రోక్‌లో చేయి నీళ్లలోనే ఉంటుంది కాబట్టి గీత పిచ్చిగా పోతుంది. అప్పుడు వాచీని టోపీ కింద, తల వెనక పెట్టుకోవడం చాలామంది చేసే పని. సముద్రంలో ఈదాక వాచీని, ముఖ్యంగా ఛార్జింగ్ పెట్టే చోటును, మంచినీళ్లతో కడగండి. అలాగే గాలి పీడనాన్ని చూసే చిన్న రంధ్రాన్ని కూడా. వాచీ ఎత్తును కొలిచేది గాలి పీడనంతోనే. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు 8 మీటర్లు ఎక్కినట్టు లెక్క. ఆ రంధ్రంలో చెమట, బురద చేరితే అలిపిరి మెట్లు 3,550 ఎక్కినా ఎత్తు సగమే చూపించవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజు ఇంట్లో కూర్చున్నా కొండ ఎక్కినట్టు చూపించవచ్చు. తెలిసిన ఎత్తు దగ్గర సరిచేసి బయల్దేరితే సరిపోతుంది.

ఇక పేర్లు

మొదటి ట్రయాథ్లాన్‌కు (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీకి) సిద్ధమవుతూ, వారాంతాల్లో అనంతగిరి కొండల్లో నాలుగైదు గంటలు నడిచేవారికి పేస్ 3. తేలికైనది, మన్నికైన బ్యాటరీ, ధర తక్కువ. అమెరికాలో అది 229 డాలర్లకు వచ్చింది. మిగిలిన డబ్బుతో ఛాతీ పట్టీ కొనండి. ఇదే ధరలో గార్మిన్ కావాలని ఫోర్‌రన్నర్ 165 తీసుకునేవారు ఒకసారి ఆగండి. అందులో ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు ఒకే రికార్డులో మారే ట్రయాథ్లాన్ పద్ధతి లేదు, తొక్కే బలాన్ని కొలిచే సైకిల్ పవర్ మీటరు కూడా కలవదు. పరుగుకు మాత్రమే అయితే మంచి వాచీ. ట్రయాథ్లాన్‌కు కనీసం 255 లేదా 265 ఉండాలి.

పోటీలూ చేస్తూ, అడవి దారులూ నడుస్తూ, ఒకే వాచీతో అయిదేళ్లు గడపాలనుకునేవారికి నా ఓటు ఫోర్‌రన్నర్ 965కే. 2023లో వచ్చిన మోడల్, 53 గ్రాములు, మ్యాప్‌లు ఉన్నాయి, బటన్లు ఉన్నాయి. దాని తర్వాత 2025లో 970 రావడంతో పాతది తగ్గింపు ధరల్లో దొరుకుతోంది. 970లో నాకు నిజంగా నచ్చింది టార్చి లైటు. తెల్లవారుజామున గుడారంలో బూట్లు వెతుక్కునేటప్పుడు, చీకట్లో రోడ్డు పక్కన పరుగెత్తేటప్పుడు అది చేసే మేలు ఏ శిక్షణ అంకే చేయదు. ఆ లైటు, గీతలు పడని గాజు మీకు ముఖ్యమైతేనే అదనపు ధర పెట్టండి.

సాహస యాత్రలు ఎక్కువ, పోటీలు తక్కువ అయితే సూంటో వర్టికల్. 1936లో దిక్సూచులతో మొదలైన కంపెనీ అది, ఆ పాత శ్రద్ధ మ్యాప్ తెరలో కనిపిస్తుంది. హిమాలయాల్లో వారం రోజులు నడిచి, ఛార్జింగ్ గురించి ఆలోచించకుండా తిరిగి రావచ్చు. ఫీనిక్స్ ఇంకా గట్టిది, ఇంకా ఎక్కువ పనులు చేస్తుంది, కానీ 965 చేసే పనులకు ధర దాదాపు లక్ష రూపాయల దాకా పెంచేది ప్రధానంగా దాని ఒంటి దృఢత్వం. రాళ్ల మధ్య పాకేవారికి, సముద్రంలో మునిగేవారికి ఆ దృఢత్వం కావాలి. రోడ్డు మీద పరుగెత్తేవారికి అది మోసుకెళ్లే బరువు.

బడ్జెట్ ఇరవై వేల చుట్టూ ఉంటే, మ్యాప్ తప్పనిసరి అయితే టీ-రెక్స్ 3 ఆశ్చర్యపరుస్తుంది. బరువు ఎక్కువ, శిక్షణ లెక్కల్లో అంత లోతు ఉండదు, అయినా ట్రెక్కింగ్‌కు పెట్టిన డబ్బుకు ఇంతకు మించి దొరకదు. ఆపిల్ అల్ట్రా ఐఫోన్ ఉన్నవారికే పనికొస్తుంది. ఆఫీసు, ఫోను కాల్స్, పొద్దున్నే పరుగు, ఏడాదికి ఒక గోవా పోటీ మీ జీవితమైతే అది హాయిగా ఉంటుంది. రాత్రంతా సాగే ప్రయాణాలకు మాత్రం నేను దాన్ని నమ్మను.

అమెరికా నుంచి తెప్పించుకుంటే

ఈ ప్రశ్న నాకు వచ్చినన్ని సార్లు ఇంకేదీ రాలేదు. బావగారు డిసెంబరులో వస్తున్నారు, అక్కడ ధర తక్కువ, తెమ్మనమంటారా అని. ధర తేడా నిజమే. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే వర్తిస్తుంది. బ్యాటరీ పాడైతే మళ్లీ ఎవరో అటు వెళ్లేదాకా ఆగాలి. గార్మిన్ మ్యాప్ వాచీల్లో అమ్మిన ప్రాంతం మ్యాప్‌లే ముందుగా ఉంటాయి. 955, ఫీనిక్స్ 7 తరం నుంచి వేరే ప్రాంతాలవి వైఫై మీద ఉచితంగా దించుకోవచ్చు కాబట్టి అది పెద్ద సమస్య కాదు. ధర తేడా పదిహేను వేలు దాటితే తెప్పించుకోండి, అంతకు తక్కువైతే ఇక్కడే బిల్లు తీసుకుని కొనండి. బావగారిని అడగాల్సి వస్తే కొత్త మోడల్ వచ్చిన వెంటనే తగ్గే పాతదాన్ని అడగండి.

కొన్నాక వాపసు గడువు ముగిసేలోపు మూడు పరీక్షలు చేయండి. తెలిసిన 400 మీటర్ల ట్రాక్ మీద ఒకే వరుసలో పది రౌండ్లు తిరిగి గీతలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. పూర్తి ఛార్జింగ్‌తో దారి చూపే తెర పెట్టి, రోజంతా రికార్డింగ్ ఆపకుండా ఉంచి, గంటకు ఎంత శాతం దిగుతోందో కాగితం మీద రాయండి. మూడోది రాత్రిపూట. ఇంట్లో దీపాలు ఆర్పేసి, చేతులు నీళ్లలో ముంచి, కళ్లజోడు తీసేసి, వచ్చిన దారిన వెనక్కి వెళ్లే తెర ఎంతసేపట్లో తెరవగలుగుతారో లెక్కపెట్టండి. అరనిమిషం దాటితే బటన్ల అమరిక మార్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే గడువులోపే వాపసు ఇచ్చేయండి.